రంగం నుంచి కువైట్ దాకా: యుద్ధ వ్యతిరేక కవిత్వం మరిచిన లెక్క

యుద్ధం మీద కవిత రాయని తెలుగు కవి ఈనాడు అరుదు. ఉక్రెయిన్ మీద రాశారు, గాజా మీద రాశారు, అంతకు ముందు ఇరాక్ మీద రాశారు. వియత్నాం మీదనయితే ఒక తరం తరమే రాసింది. పేరు సరిగా పలకడం కూడా రాని ఏదో ఊళ్ళో పసిబిడ్డ చచ్చిపోతే ఇక్కడ కలం కదలడం చిన్న విషయం కాదు. అంతర్జాతీయ దృష్టి మన అభ్యుదయ సాహిత్యానికి పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఈ కవితలన్నిటినీ ఒక్కచోట పెట్టుకుని చదివితే ఒక ప్రశ్న అడగక తప్పదు. ఈ యుద్ధాల ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మన కవిత్వం చంపేవాణ్ణి చూపిస్తోంది. చచ్చేవాణ్ణి చూపిస్తోంది. ఖర్చు భరించే మనిషిని చూపించటం లేదు. ఆ మూడో మనిషి చాలాసార్లు మన పక్కింట్లోనే ఉంటుంది.

ఈ మధ్య అమలాపురంలో ఒక సాహిత్య సభలో యుద్ధం మీద వరసగా కవితలు విన్నాను. ఒక్కొక్కటీ విడిగా చూస్తే పేరు పెట్టడానికి లేదు. తెల్లపావురం రెక్క తెగింది, బడి గోడ కూలింది, తల్లి ఒడి ఎరుపెక్కింది, చివరికి కవి ఆయుధ వ్యాపారిని శపించి కూర్చున్నాడు. అయిదారు కవితలు పూర్తయ్యేసరికి దేశం పేరు మార్చినా కవిత మారదని తెలిసిపోయింది. ఇందులో లోపం కవుల ప్రతిభది కాదు, వాళ్ళు నిలబడిన చోటుది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, మనం ఇక్కడ సురక్షితంగా ఉండి చూసి బాధపడుతున్నాం అనే భావన ఆ కవితలన్నిటికీ పునాది. కాని ఆ హాల్లో కూర్చున్న వాళ్ళలో అక్కో చెల్లెలో కువైట్‌లోనో దుబాయిలోనో మస్కట్‌లోనో ఇంటిపని చెయ్యని కుటుంబాలు ఎన్ని? రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు పేటల్లో కొత్త శ్లాబు ఇల్లు కనబడితే అది ఏ దేశం డబ్బో అడగకుండానే చెబుతారు. అటువంటి సీమలో నిలబడి యుద్ధాన్ని దూరపు సంగతిగా రాయడం భావుకత అవుతుంది గాని వాస్తవికత కాదు.

కోనసీమకు దూరపు యుద్ధం అనేది ఏనాడూ లేదు. మన కూలీని పరాయి దేశానికి పిలిచిందీ యుద్ధమే, అక్కడి నుంచి తరిమిందీ యుద్ధమే. ఈ సంగతికి సాక్ష్యం మన మాటల్లోనే ఉంది. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళకు రంగం అంటే రంగూన్. "మా తాత రంగం వెళ్ళాడు" అంటే యుద్ధానికి వెళ్ళాడని కాదు, బర్మాకు కూలికి వెళ్ళాడని. పుస్తకాల భాషలో రంగం అంటే యుద్ధరంగం. ఈ రెండు రంగాలూ వేరు వేరు కావని చరిత్ర చెబుతోంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే సంవత్సరం ఇంగ్లీషువాళ్ళు రెండో బర్మా యుద్ధం చేసి దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. ఇక్కడ గోదావరి నీరు పారి డెల్టా పచ్చబడింది. అక్కడ ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. ఇక్కడ నీరు వచ్చింది గాని, భూమి లేనివాడికి భూమి రాలేదు. నీరు పారిన చేలో పాలేరు పాలేరుగానే మిగిలాడు. అక్కడి వరి కోయడానికి, ధాన్యం మిల్లుల్లో బస్తాలు ఎత్తడానికి, రంగూన్ రేవులో సరుకు దింపడానికి చౌక కూలీ కావలసివచ్చాడు. కాకినాడ రేవులో స్టీమరు డెక్కు మీద చోటు దొరికితే చాలని మాల మాదిగ పేటల నుంచి, పేద కులాల నుంచి వేలాదిమంది బయలుదేరారు. మేస్త్రీ ముందు బయానా ఇచ్చేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు. బర్మావాళ్ళు మనవాళ్ళకు పెట్టిన పేరు "కోరంగీలు". కోరంగి రేవు పేరే ఒక జాతి పేరయింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైబడి ఉన్నారు.

ఆక్రమణ యుద్ధం సృష్టించిన ఆ కూలి బతుకును మరో యుద్ధం ముగించింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేసే కూలీలు ముందు చచ్చారు. 1942 మార్చికి రంగూన్ పడిపోయింది. అయిదు లక్షల మంది దాకా భారతీయులు బర్మా వదిలారు. డబ్బున్నవాళ్ళకు ఓడలు, విమానాలు దొరికాయి. మిగిలినవాళ్ళు అడవులు, కొండలు దాటి మణిపురం, అస్సాం వైపు నడిచారు. ఆ నడకలోనూ తెల్లవాళ్ళ దారి వేరు, నల్లవాళ్ళ దారి వేరు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో రాలిపోయిన వాళ్ళ సంఖ్య పదివేలని కొందరు, యాభైవేలని కొందరు అంచనా వేశారు. లెక్క ఇంత తేడాగా ఉండడానికి కారణం ఒక్కటే, ఆ శవాలను లెక్కపెట్టవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ కనబడలేదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్‌లో ముప్ఫై లక్షల మంది దాకా ఆకలితో చచ్చిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఇంత పెద్ద విపత్తుకు మన సాహిత్యంలో దక్కవలసిన చోటు దక్కిందా? లేదని చెప్పక తప్పదు. కారణం వెతకాలి గాని ఎవరినీ తిట్టనవసరం లేదు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పుడు ప్రపంచం మండిపోతోంది. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడిన తర్వాత ఫాసిజాన్ని ఓడించడమే ముందున్న పని అని ఆనాటి వామపక్షం నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం మీద వాదోపవాదాలు ఇప్పటికీ ఉన్నాయి. నేను చెప్పేది ఒక సాహిత్య పర్యవసానం గురించి. అప్పటి రచయిత కళ్ళు స్టాలిన్‌గ్రాడ్ మీద ఉన్నాయి. అస్సాం కొండల్లో నుంచి చిక్కిశల్యమై తన జిల్లాకే తిరిగి వచ్చిన రంగం కూలీ ఆయన చూపుకు ఆనలేదు. పైగా ఆ కూలీది మాలపేట, రచయిత ఎక్కువసార్లు మరో వీధివాడు. యుద్ధం ఎంత దూరమో నిర్ణయించేది మైళ్ళు మాత్రమే కాదు, మన కులవీధుల మధ్య ఉన్న దూరం కూడా.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న "పాలేరు" నాటకం రాశారు. పాలేరు చదువుకుని అధికారి కావడం ఆ నాటక వస్తువు. ఆ రోజుల్లో అది దళితవాడల్లో పిల్లల్ని బడికి పంపించిన నాటకం. పాలేరుతనం నుంచి బయటపడడానికి కోనసీమలో రెండు దారులుండేవి. ఒకటి బడి, రెండోది రంగం. మొదటి దారికి నాటకం దొరికింది. రెండో దారిన వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, తిరిగిరానివాళ్ళు కుటుంబాల జ్ఞాపకాల్లోనే మిగిలిపోయారు.

ఇటువంటి వస్తువును ఎలా రాయాలో తెలియక రాయలేదనడానికి వీల్లేదు. నమూనా కోనసీమలోనే ఉంది. ముంగండలో పుట్టిన మహీధర రామమోహనరావు "కొల్లాయి గట్టితేనేమి?" నవలలో మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి సహాయ నిరాకరణ కాలాన్ని తీసుకున్నారు. దేశాన్నంతా కదిలించిన ఒక రాజకీయ సంఘటన కోనసీమ అగ్రహారంలోకి దిగితే ఏ పెళ్ళి నిలిచింది, ఏ ఇల్లు చీలింది, ఎవరు ఎవరితో కూర్చుని అన్నం తినగలిగారు అన్న స్థాయిలో దాన్ని చూపించారు. ఆ నవలలో చరిత్ర ఉపన్యాసంగా రాదు, వరసలుగా, తగాదాలుగా, మడి ఆచారాలుగా వస్తుంది. సహాయ నిరాకరణకు జరిగిన ఈ పని ప్రపంచ యుద్ధాలకు, వలసకు ఆ స్థాయిలో జరగలేదు.

రంగం దారి మూసుకుపోయిన ముప్ఫై ఏళ్ళకు గల్ఫ్ దారి తెరుచుకుంది. దాన్ని తెరిచింది కూడా యుద్ధమే. 1973 అక్టోబరులో అరబ్బులకు ఇజ్రాయెల్‌కు యుద్ధం వచ్చింది. దాని వెంట చమురు ధర కొన్ని నెలల్లోనే నాలుగింతలయింది. ఆ చమురు డబ్బుతో ఎడారిలో నగరాలు లేచాయి. వాటిని కట్టడానికి, కట్టిన ఇళ్ళల్లో వండి వార్చి పిల్లల్ని పెంచడానికి మనుషులు కావలసివచ్చారు. మన జిల్లాల నుంచి ఆడవాళ్ళు "ఖద్దామా" వీసా మీద వెళ్ళడం అలా మొదలయింది. ఏజెంటుకు కట్టడానికి పుస్తెలతాడు కుదువ పెట్టడం, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదలడం, అక్కడ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోవడం కోనసీమలో ఇప్పుడు వింతగా చెప్పుకునే విషయాలు కావు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ధనవంతులయిన యజమానులు కార్లెక్కి సౌదీ వైపు వెళ్ళిపోతే, పనివాళ్ళు ఖాళీ ఇళ్ళల్లో మిగిలిపోయారు. కూడబెట్టుకున్న కువైట్ దినార్లు ఒక్క ఉత్తర్వుతో చిత్తుకాగితాలయ్యాయి. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు స్వదేశానికి తిరిగివచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారి శిబిరాల్లో రోజులు లెక్కబెట్టి, అమ్మాన్ నుంచి విమానాలెక్కారు. ఆ విమానాల తరలింపు గొప్ప పనే. దాని మీద సినిమా కూడా వచ్చింది. కాని సినిమా ఆ తరలింపుతో ముగుస్తుంది. ఏజెంటు అప్పు విమానం దిగిన తర్వాత మొదలవుతుంది.

ఆ యుద్ధం బిల్లు అక్కడితో ఆగలేదు. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశానికి 1991 నాటికి కొద్ది వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారకం మాత్రమే మిగిలింది. ఆ జులైలో 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకులకు కుదువ పెట్టారు. ఆడకూతురు తాళి తాకట్టు పెట్టినట్టే దేశమూ పెట్టింది. ఆ వెనకే కొత్త ఆర్థిక విధానం వచ్చింది. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసం. ఎక్కడో ఎడారిలో పేలిన తుపాకీ మన ఎరువుల ధరను, మన ఉద్యోగాల స్వభావాన్ని ఎలా మార్చగలదో చూపడానికి ఈ ఉదాహరణ చాలు.

ఆ యుద్ధ నష్టాలకు పరిహారం ఇవ్వడానికి ఐక్యరాజ్యసమితి 1991లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది. అది మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించి 2022 జనవరిలో చెల్లింపులు ముగించింది. పారిపోయి వచ్చిన ఒంటరి కార్మికుడికి దక్కే స్థిర పరిహారం 2,500 లేదా 4,000 డాలర్లు. న్యాయంగా చెప్పాలంటే వ్యక్తుల దరఖాస్తులకే ముందు చెల్లించారు, అప్పట్లో పేద కుటుంబానికి అది చిన్న మొత్తం కూడా కాదు. కువైట్ పెట్రోలియం కార్పొరేషన్‌కు చమురు నష్టం కింద ఒక్క పద్దులో దక్కింది 1,470 కోట్ల డాలర్లు. భూమిలోని చమురుకు చుక్క చుక్కకూ లెక్క కట్టారు. పరాయి దేశంలో పిల్లలకు దూరంగా గడిచిన ఏళ్ళకు మాత్రం ఒకే రేటు. చివరి చెల్లింపు జరిగిన మరుసటి నెల, 2022 ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టింది.

ఏళ్ళ తరబడి సాగుతున్న ఈ యుద్ధం కోనసీమకు ఎలా వచ్చింది? వంటింట్లోకి నూనెగా వచ్చింది. అంతకు ముందు మన దేశం కొనే పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. కొబ్బరితోటలోకి పొటాష్‌గా వచ్చింది. కొబ్బరిచెట్టుకు నత్రజని కంటే పొటాష్ రెట్టింపుకు పైగా వెయ్యమని శాస్త్రజ్ఞులు చెబుతారు. మన దేశం పొటాష్‌ను దాదాపు మొత్తం దిగుమతి చేసుకుంటుంది. అమ్మే పెద్ద దేశాల్లో రష్యా, బెలారస్ ఉన్నాయి. 2022లో బస్తా 1,700 రూపాయలకు చేరింది. దేశం మొత్తం మీద ఎరువుల సబ్సిడీ 2021-22లో లక్షా 53 వేల కోట్లుంటే 2022-23లో 2 లక్షల 51 వేల కోట్లయింది. ఆ డబ్బు ప్రభుత్వం ఇచ్చిందంటే ప్రజలే ఇచ్చారని అర్థం. 2011లోనూ 2022లోనూ కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దానికి కారణం ఈ యుద్ధం అనడం అబద్ధమవుతుంది. మురుగు కాలవలు, గిట్టుబాటు కాని ధర, అందని బకాయిలు దానికి కారణాలు. అయితే అప్పటికే వంగిన నడుం మీద మరో బస్తా వేసింది యుద్ధమే.

ఇంతకంటే సూటిగా వచ్చింది మనుషుల వేట. సహాయకుల ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మన దేశపు యువకుల్ని రష్యాకు తీసుకుపోతే, వాళ్ళు సైన్యంలో తేలారు. 2025 జనవరిలో భారత ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం అలా చేరినవాళ్ళు 126 మంది, చనిపోయినవాళ్ళు 12 మంది, జాడ తెలియనివాళ్ళు 16 మంది. చనిపోయినవాళ్ళలో హైదరాబాదు యువకుడు ఉన్నాడు. మరోవైపు గాజాలో 2023 అక్టోబరు నుంచి రెండేళ్ళలో అరవై వేల మందికి పైగా చచ్చిపోయారు. పాలస్తీనా కూలీలను రానివ్వని ఇజ్రాయెల్ ఇళ్ళు కట్టడానికి మన దేశం నుంచి తాపీ పనివాళ్ళను, ఇనుము కట్టేవాళ్ళను ఎంపిక చేసుకుంది. 2024లో హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. యుద్ధం మళ్ళీ పిలుస్తోంది. ఒక దేశపు కూలీని గెంటిన చోట మరో దేశపు కూలీని నిలబెడుతోంది. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు గల్ఫ్ దేశాల ఆకాశమార్గాలు కొన్ని గంటలు మూతపడ్డాయి. అక్కడ మనవాళ్ళున్న ప్రతి ఇంటికీ ఆ గంటలే యుద్ధం.

ఇదంతా విని కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. "నెత్తురు పారుతుంటే మీరు నూనె ధర మాట్లాడతారా? ఇది ఆర్థికవాదం కాదా?" అని. ఒక బిడ్డ ప్రాణం, ఒక పొటాష్ బస్తా సమానమని నేననడం లేదు. నేననేది ఒకటే. నెత్తురు పారించే యంత్రం నడిచేది ఆ బస్తా మీద, ఆ నూనె మీద, ఆ కూలి మీద. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 71 వేల కోట్ల డాలర్లకు పైమాటే. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. శ్రమ చేసేవాళ్ళ దగ్గర నుంచి పన్నుగా, ధరగా, తక్కువ కూలిగా వచ్చింది. దయ మీద నిలిచిన వ్యతిరేకత దృశ్యం మారగానే చల్లారిపోతుంది. తన ప్రయోజనం తెలిసినవాడి వ్యతిరేకత నిలుస్తుంది. గాజా తల్లినీ కువైట్‌లో పనిచేసే రాజోలు తల్లినీ కలిపేది మన జాలి కాదు, ఇద్దరి బతుకునూ తలకిందులు చేస్తున్న ఒకే వ్యవస్థ.

రెండో అభ్యంతరం, "అన్ని యుద్ధాలూ ఒకటేనా?" అని. కాదు. పొరుగు దేశం మీద పడినవాడూ, తన నేల కాపాడుకునేవాడూ ఒకటి కాదు. వియత్నాం రైతు తుపాకీ, అమెరికా బాంబరూ ఒకటి కాదు. దాడి చేసినవాడు అమెరికా అయినా రష్యా అయినా ఇజ్రాయెల్ అయినా దాడిని దాడి అనాలి. మనకు నచ్చిన జెండా ఉంటే ఒక మాట, నచ్చని జెండా ఉంటే ఒక మాట అనేది విమర్శ కాదు, వకాల్తా. అయితే పక్షం సరిగా ఎంచుకున్నంత మాత్రాన రచయిత పని పూర్తి కాదు. సరయిన పక్షం నిలబెట్టిన యుద్ధంలో కూడా ఖర్చు భరించేవాడి పేరు రాయాలి.

చరిత్ర అంటే రాజుల పేర్లు కాదనీ, వాళ్ళ వెనక చెమటోడ్చినవాళ్ళ సంగతి అడగాలనీ శ్రీశ్రీ "దేశచరిత్రలు"లో నేర్పి చాలా కాలమయింది. ఆ ప్రశ్నను మనం కోటలకు, గోపురాలకు వేశాం. యుద్ధానికి వెయ్యడం మరిచాం. తణుకు ప్రాంతపు తిలక్ "సైనికుడి ఉత్తరం"లో సైనికుణ్ణి వీరుడి బొమ్మగా కాక, ఇల్లు విడిచి వెళ్ళిన మనిషిగా చూపించారు. ఉత్తరం అనే రూపానికి ఉన్న బలం అది. దూరాన ఉన్న మనిషి, దగ్గరవాళ్ళకు చెప్పగలిగింది కొంత, చెప్పలేక దాచేది కొంత. ఈనాడు ఆ ఉత్తరం కువైట్ వంటింట్లో నుంచి ఫోనులో మాటగా వస్తోంది. "నాకేం ఫర్వాలేదు, ఇక్కడేమీ లేదు, పిల్లాడి ఫీజు కట్టారా?" అనే మాటలో ఉన్న యుద్ధం ఏ తెల్లపావురంలోనూ లేదు.

కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్ వలస మీద కథలు, పాటలు వచ్చాయి. అక్కడి రచయితలు ఆ బాధను తమదిగా తీసుకున్నారు. కోనసీమ నుంచి వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. కాబట్టి ఇక్కడ రాయవలసిన కథ కూడా వేరు. అది ఇంట్లోని అధికారం గురించి, పెంపకం గురించి, డబ్బు పంపే ఆడదాని మీద ఊరు వేసే నింద గురించి కూడా అవుతుంది. ఆ కథ రాయగలిగిన వాళ్ళలో మొదటివాళ్ళు వెళ్ళివచ్చిన ఆ స్త్రీలే. వాళ్ళ చేత రాయించడం, రాయలేనివాళ్ళు చెబితే రాసుకోవడం మన సంఘాల పని. రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళు దాదాపు వెళ్ళిపోయారు. వాళ్ళ నోట ఆ నడక విన్న కొడుకులు, కూతుళ్ళు, మనవలు ఇంకా ఉన్నారు. అమలాపురం, కొత్తపేట, రాజోలు శాఖలు కవి సమ్మేళనానికి పెట్టే శ్రమలో సగం పెట్టి, పేట పేటకూ వెళ్ళి ఆ జ్ఞాపకాలు సేకరించవచ్చు. అదీ యుద్ధ వ్యతిరేక కార్యక్రమమే.

యుద్ధం వద్దని రాయడం మానవద్దు. కాని ఎవరి తరఫున వద్దంటున్నామో ఆ మనిషి పేరు, ఊరు, అప్పు, కూలి తెలుసుకుని రాయాలి. యుద్ధం చేసేవాళ్ళు తమ లెక్కలు చాలా శ్రద్ధగా రాసుకుంటారు. మన లెక్క మనమే రాసుకోవాలి.